చదరంగ భారతము – పదునాలుగవ ప్రకరణము: పలక ప్రక్కన నిలిచినవారికి ప్రభుత్వ గౌరవము

చదరంగపు పోటీలో కూర్చున్న ఇరువురి ప్రక్కను ఒక్కొక్క కాగితముండును. తానాడిన ప్రతి యెత్తును, ఎదుటివాడాడిన ప్రతి యెత్తును ఆటగాడు తన చేతితోనే దానిపై వ్రాసికొనవలెను. ఆట ముగియగనే ఫలితమును నమోదు చేసి, ఇరువురును సంతకములు చేసి, ఆ కాగితమును ఆర్బిటరునకు అప్పగింపవలెను. ఈ నియమము వలననే నూఱేండ్ల క్రిందటి ఆటలను సైతము నేడు మనము పలకపై పేర్చి, ఒక్కొక్క యెత్తుగా తిరిగి ఆడుకొని, ఆ మహనీయుల ఆలోచనలను కన్నులార చూడగలుగుచున్నాము. కాని ఆ ఆట జరిగిన హాలును వెదకి కుదిర్చినవాడెవడు, బల్లలు పేర్చినవాడెవడు, గడియారములకు కీలిచ్చినవాడెవడు, ఆ ఆటగాండ్రకు బాల్యములో బంటు నడకను, గుఱ్ఱపు గంతును నేర్పినవాడెవడు అని అడిగినచో, ఆ కాగితము బదులు చెప్పదు. ఒక జాతి తన చదరంగ సేవకులను ఎట్లు గుర్తించినదో, ఎవరిని త్వరగా గుర్తించినదో, ఎవరిని గుర్తించుటకు జాగు చేసినదో ఈ ప్రకరణమున పరిశీలింపవలెనని సంకల్పము.

గత ప్రకరణములలో రాజాశ్రయ కాలమును సవిస్తరముగా చూచియుంటిమి. త్రివేంగడాచార్య శాస్త్రి సంస్కృతమున రచించిన చదరంగ గ్రంథము 1814లో బొంబాయిలో ఆంగ్లానువాదముగా వెలువడుట, ప్రభువులు విద్వాంసులను పోషించు ఆచారము ఇంకను నిలిచియున్న దినములలోని మాట. ఆ ఆశ్రయమున ఆదరము గలదు, అన్నము గలదు. కాని ప్రభువు అభిరుచి మాఱినను, ప్రభువే గతించినను, విద్వాంసుని పేరు కూడ మఱుగుపడుట తప్పదు. పంజాబులోని మిఠా తివానాకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ కథ దీనికి హృదయవిదారకమైన నిదర్శనము. సర్ ఉమర్ హయాత్ ఖాన్ కొలువులో ఉండి, ఆయన వెంట ఇంగ్లండునకు పోయి, 1929, 1932, 1933 సంవత్సరములలో మూడు పర్యాయములు బ్రిటిష్ విజేతయై, హేస్టింగ్స్ పోటీలో మాజీ ప్రపంచ విజేత కాపబ్లాంకానే ఓడించిన ఆ మహామేధావి, ప్రభువుతో పాటు స్వదేశమునకు మరలి వచ్చి, పిదప అంతర్జాతీయ రంగమున కానరాకయే పోయెను. 1950లో అంతర్జాతీయ సమాఖ్య గ్రాండ్‌మాస్టర్ బిరుదములను పంచిపెట్టిన నాటికి ఆయన సజీవుడు. ఆ తరువాత పదునాఱు సంవత్సరములు జీవించి 1966లో కన్నుమూసెను. గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదము ఆయన పేర ప్రకటితమైనది 2024లో. ప్రభువు మెచ్చిన ఆటగానిని ప్రపంచము మెచ్చుటకు అంత కాలము పట్టినది.

స్వాతంత్ర్యానంతరము ఆశ్రయము రాజుల చేతినుండి సంఘముల చేతికి వచ్చెను. 1951లో అఖిల భారత చదరంగ సమాఖ్య ఏర్పడెను. నాలుగేండ్లు గడచిన పిదప, 1955లో, మొట్టమొదటి జాతీయ చదరంగ పోటీ జరిగినది ఎక్కడ? బొంబాయిలో కాదు, కలకత్తాలో కాదు, మద్రాసులోను కాదు. కృష్ణా గోదావరీ కాలువలు కలియు మన ఏలూరులో! అప్పటికి ఆంధ్రరాష్ట్ర మేర్పడి రెండేండ్లైనను నిండలేదు, రాజధాని కర్నూలు. అట్టి పసికూన వంటి రాష్ట్రములో, ఒక జిల్లా కేంద్రములో, దేశపు నలుమూలల నుండి ఆటగాండ్రను పిలిచి, బస ఏర్పాటు చేసి, భోజనములు పెట్టి, దినములకొలది పోటీని నడిపించిన ఆ కార్యకర్తల సాహసమును ఎంత కొనియాడినను చాలదు. ఆ పోటీలో మహారాష్ట్రమునకు చెందిన రామచంద్ర సప్రే, మన ఆంధ్రుడగు డి. వెంకయ్య సమానముగా నిలిచి ప్రథమ జాతీయ విజేతృత్వమును పంచుకొనిరి.

ఆ కాలమున మన పల్లెలలోను పట్టణములలోను అరుగులమీద ఆడు ఆట వేఱు, సమాఖ్య అంగీకరించిన అంతర్జాతీయ నియమముల ఆట వేఱు. దేశీయమైన ఆటలో బంటు మొదటి ఎత్తునను ఒక్క గడియే నడచును. రాజు ఒక్క పర్యాయము గుఱ్ఱమువలె దుముకవచ్చును. తాతల నాటి నుండి చేతికి అలవడిన ఈ పద్ధతిని విడిచి, క్రొత్త నియమములకు దేశమునంతటిని అలవాటు చేయుట మాటలతో అగు పని కాదు. ప్రతి యూరిలో ఒక ఉపాధ్యాయుడో, ప్లీడరో, గుమాస్తాయో సాయంకాలములు వెచ్చించి, పదిమందిని చేరదీసి, ఒప్పించి, నేర్పింపవలసి వచ్చెను. సప్రే, వెంకయ్యల పేర్లు చరిత్రకెక్కినవి. ఈ నేర్పినవారి పేర్లలో నూటికి తొంబది మనకు తెలియవు. జాతీయ గౌరవముల కథకు ఇది పునాదిగా గ్రహింపవలెను.

1961లో భారత ప్రభుత్వము క్రీడాకారుల కొఱకు అర్జున పురస్కారమును నెలకొల్పెను. ఆ మొదటి వరుసలోనే చదరంగమునకు స్థానము లభించుట నాకు ఎంతయు ఆనందకరమైన విషయముగా తోచును. ఏలయనగా, కూర్చుండి ఆడు ఈ ఆటను క్రీడ యని అంగీకరింపని వారు నేటికిని కలరు. అరువది యేండ్లకు పూర్వమే ప్రభుత్వము ఆ తగవును తీర్చివైచినది. ఆ పురస్కారమును పొందినవాడు మాన్యుయల్ ఆరన్. 1935లో బర్మాలోని తౌంగూలో జన్మించి, తమిళదేశమున పెరిగి, అలహాబాదు విశ్వవిద్యాలయములో పట్టము పుచ్చుకొనిన ఈ యువకుడు 1959లో జాతీయ విజేత అయ్యెను. 1981 వరకు గల కాలములో తొమ్మిది పర్యాయములు ఆ స్థానమును అలంకరించెను. 1961లో మంగోలియా దేశీయుడగు మోమోను, ఆస్ట్రేలియా దేశీయుడగు సెసిల్ పర్డీని వరుసగా జయించి, భారతదేశమునకు మొట్టమొదటి ఇంటర్నేషనల్ మాస్టర్ బిరుదమును తెచ్చెను.

మఱుసటి సంవత్సరము స్టాక్‌హోమ్‌లో జరిగిన ఇంటర్‌జోనల్ పోటీలో ఇరువది ముగ్గురు పాల్గొనిరి. విజేత బాబీ ఫిషర్. ఆరన్ చివరి స్థానమున నిలిచెను. ఇంతవరకు చెప్పి ఊరకుండుట అన్యాయము. శిక్షకుడు లేక, విదేశీ గ్రంథములు చేతికందక, తనతో సరిసమానుడై సాధన చేయించు సహచరుడు దేశములో లేక, ఒంటరిగా పోయిన ఆ మనుష్యుడు అదే పోటీలో హంగరీకి చెందిన లాయోష్ పోర్టిష్‌ను, తూర్పు జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ ఉల్‌మన్‌ను ఓడించెను. ఇరువురును గ్రాండ్‌మాస్టరులే. మన దేశమునకు రెండవ ఇంటర్నేషనల్ మాస్టరు – వి. రవికుమార్ – లభించుటకు 1978 వరకు వేచియుండవలసి వచ్చినదనిన, ఆరన్ ఎంతటి ఎడారిలో ఒంటరిగా నిలిచిన వృక్షమో పాఠకులు ఊహించుకొనగలరు.

అర్జున పురస్కారము ఆరన్ ఆటకు వచ్చినది. ఆ తరువాత ఆయన చేసిన సేవ ఆ ఆటకంటె గొప్పదని నా దృఢ విశ్వాసము. 1972లో మద్రాసులోని సోవియట్ సాంస్కృతిక కేంద్రములో, మాజీ ప్రపంచ విజేత మిఖాయిల్ తాల్ పేర ఒక క్లబ్బు ఆయన చేతులమీదుగా వెలసెను. రష్యా నుండి గ్రంథములు, గడియారములు, పావులు వచ్చినవి. మద్రాసు పిల్లలకు అంతవరకు వినికిడి మాత్రముగా నుండిన సోవియట్ చదరంగ విద్య చేతికందునంత సమీపమునకు వచ్చెను. ఆ క్లబ్బులో వేగపుటాట లాడు పద్ధతి చూడదగినది. గెలిచినవాడు బల్లవద్దనే కూర్చుండును. ఓడినవాడు లేచి, వరుస చివరకు పోయి నిలువవలెను. వరుసలో ఇరువదిమంది యున్నచో మరల తన వంతు వచ్చుసరికి ఎంత ప్రొద్దు పోవునో! అందుచేత పెద్దవారి నడుమ జొరబడిన ఒక బక్కపలుచని బాలుడు, బల్లను విడువకుండుటకు గెలుచుట తప్ప మార్గాంతరము లేదని గ్రహించి, మెఱుపువలె ఎత్తులు వేయుట అలవఱచుకొనెను. ఆ బాలుడే విశ్వనాథన్ ఆనంద్. తరువాతి కాలమున ప్రపంచమంతయు అబ్బురపడిన ఆయన వేగమునకు మూలములలో ఒకటి ఆ వరుసయే.

ఆరన్ అంతటితో ఆగలేదు. సంఘపు కార్యదర్శిగా, ఆర్బిటరుగా, పత్రికా రచయితగా దశాబ్దులు శ్రమించి, ఎనుబదవ యేట అడుగిడబోవు వయస్సులో, విజయ్ పండిత్ సహకారముతో భారత చదరంగ చరిత్రను ఒక బృహద్గ్రంథముగా సంతరించెను. ఈ ధారావాహికను వ్రాయువారికే గాక, ఇకముందు ఈ విషయమున కలము పట్టు ప్రతివానికిని ఆ గ్రంథము దారి చూపును. ఇరువది ఆఱేండ్ల వయస్సులో పొందిన పురస్కారము వెనుక ఇంత జీవితము పరచుకొని యున్నది. ఆ పురస్కార పత్రములో దీనికి చోటెక్కడ?

ఆరన్ తరువాత మఱియొక చదరంగ క్రీడాకారుని అర్జున పురస్కారము వరించుటకు రెండు దశాబ్దులకు సమీపమైన కాలము పట్టెను. ఆ యెడము తరువాత ముందు వరుసలో నిలిచినది రోహిణీ ఖాడిల్కర్. బొంబాయికి చెందిన ఖాడిల్కర్ సోదరీమణులు ముగ్గురును – వాసంతి, జయశ్రీ, రోహిణి – జాతీయ మహిళా విజేతలే. 1976లో రోహిణి పురుషుల జాతీయ పోటీలో ఆడగా, స్త్రీ ఆడరాదను వివాదము రేగి ఉన్నత న్యాయస్థానము వఱకు పోయెను. తుదకు అంతర్జాతీయ సమాఖ్య అధ్యక్షుడగు మాక్స్ యూవే, స్త్రీలను జాతీయ పోటీలనుండి నిషేధింపరాదని తీర్పు చెప్పెను. ఆ రోహిణియే 1981లో మన హైదరాబాదులో జరిగిన ఆసియా మహిళా పోటీలో ఒక్క యాటయు ఓడక విజేత్రి యయ్యెను. 1986లో భాగ్యశ్రీ సాఠేకు, అనుపమా అభ్యంకర్‌కు పద్మశ్రీ లభించెను. ఆనంద్ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు: 1985లో అర్జున, 1991–92 సంవత్సరమునకు రాజీవ్ ఖేల్‌రత్న – ఆ పురస్కారమును పొందిన మొట్టమొదటివాడాయనయే – 2001లో పద్మభూషణ, 2008లో పద్మవిభూషణ. ఆటగాండ్ర పట్ల రాజ్యము కన్ను తెఱచినది, ఇది నిస్సంశయము.

ఇక గురువుల మాట. శిక్షకుల కొఱకు ద్రోణాచార్య పురస్కారము 1985లో ఏర్పడగా, మఱుసటి సంవత్సరమే అది చదరంగమున రఘునందన్ వసంత్ గోఖలేను చేరెను. ఆ పిదప సుదీర్ఘమైన నిశ్శబ్దము. ఇరువది సంవత్సరములు గడచిన తరువాత, 2006లో, ఆ గౌరవము మరల చదరంగమునకు వచ్చినపుడు, అది వచ్చి వరించినది కృష్ణా జిల్లా గుడివాడకు చెందిన కోనేరు అశోక్‌ను.

అశోక్ రసాయనశాస్త్రము బోధించు అధ్యాపకుడు. స్వయముగా చదరంగ క్రీడాకారుడు. ఇంటిలో తాను పలక ముందుంచుకొని ఆలోచించుచుండగా, ఆఱేండ్ల కుమార్తె హంపి ప్రక్కనుండి ఎత్తు సూచించుట గమనించి, ఆ సూచనలోని పదునును పసికట్టిన తండ్రి ఆయన. పసికట్టుట తండ్రులందఱును చేయుదురు. కాని నెలనెల జీతము వచ్చు ఉద్యోగమును విడిచిపెట్టి, కుమార్తెకు పూర్తికాలపు శిక్షకుడుగా మాఱుట అందఱికి సాధ్యమా? 1990ల నాటి గుడివాడలో ఆడపిల్ల చదరంగమును నమ్ముకొని ఉద్యోగము వదలుకొనుటను ఇరుగుపొరుగు ఎట్లు చూచియుందురో మన సమాజమును ఎఱిగినవారికి విప్పి చెప్పనేల! ఫలితము లోకవిదితము: 1997లో పదేండ్ల లోపు, 1998లో పండ్రెండేండ్ల లోపు, 2000లో పదునాలుగేండ్ల లోపు ప్రపంచ బాలికా విజేతృత్వములు, 2001లో ప్రపంచ జూనియర్ బాలికల పోటీలో విజయము, 2002లో గ్రాండ్‌మాస్టర్ బిరుదము. అప్పటికి హంపి వయస్సు పదునైదు సంవత్సరముల ఒక నెల యిరువది యేడు దినములు. అంత చిన్న వయస్సులో ఆ బిరుదము పొందిన స్త్రీ అంతకు ముందు ప్రపంచములోనే లేదు. జుడిత్ పోల్గార్ రికార్డును గుడివాడ బాలిక దాటినది. హంపికి 2003లో అర్జున, 2007లో పద్మశ్రీ. నడుమ 2006లో తండ్రికి ద్రోణాచార్య. ఒకే యింటిలో శిష్యురాలికి, గురువునకు వరుసగా లభించిన ఈ గౌరవములు తెలుగువారు గర్వింపదగినవి.

అయినను ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. అశోక్‌నకు లభించిన గౌరవము సర్వథా యోగ్యమైనది. కాని శిష్యురాలు ప్రపంచ విజేత్రి కానిచో ఆ గౌరవము ఆయనను వెదకికొని వచ్చియుండెడిదా? శిష్యుని పతకమును కొలబద్దగా గొని గురువును కొలుచుట ప్రభుత్వమునకు సులభమార్గము. ఊరిలోని వందమంది పిల్లలకు ఆట నేర్పి, వారిలో ఒక్కడును గ్రాండ్‌మాస్టర్ కాకపోయినను, వందమందికిని ఏకాగ్రతను, ఓటమిని ఓర్చుకొను గుండెను ప్రసాదించిన ఉపాధ్యాయునికి ఏ కొలబద్ద కలదు? మన గుంటూరు బిడ్డ ద్రోణవల్లి హారిక 2019లో పద్మశ్రీ అందుకొనినపుడు, ఆమెను తీర్చిదిద్దిన ఎన్.వి.ఎస్. రామరాజు పేరును ఎన్ని పత్రికలు తలచినవి? 2023 సంవత్సరపు ద్రోణాచార్యను మద్రాసుకు చెందిన ఆర్.బి. రమేశ్ పొందుట ఈ విషయములో శుభసూచకము. 2002లో బ్రిటిష్ విజేతయైన ఈ గ్రాండ్‌మాస్టర్, ఇంకను ఆడగల వయస్సులోనే, 2008లో ఆటకు స్వస్తి చెప్పి, భార్య ఆర్తీ రామస్వామితో కలిసి గురుకులమును స్థాపించి, ప్రజ్ఞానంద, వైశాలి మొదలగు ఎందఱికో విద్యాదానము చేసెను. తన పేరు పోటీల పట్టికలనుండి తొలగిపోవుటకు తానే అంగీకరించి శిష్యుల పేర్లను అందు ఎక్కించుట, ఆటగానికి ప్రాణత్యాగముతో సమానమైన త్యాగము.

జీవితకాల సేవకు వేఱుగా ఒక పురస్కారముండవలెనను తలంపుతో 2002లో ధ్యాన్‌చంద్ పురస్కారము వెలసెను. చదరంగమున దానిని 2021లో అభిజిత్ కుంటే పొందెను. జీవితకాల సేవ యనగానే విశ్రాంతి తీసికొను వృద్ధుని ఊహించుకొనుట మన అలవాటు; కుంటే ఆ యూహను త్రోసిపుచ్చెను. పురస్కారము పొందిన మూడేండ్లకు, 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణపతకము గెలిచిన భారత మహిళా జట్టుకు సారథ్యము వహించినవాడాయనయే. ఆ జట్టులో మన హారిక కలదు. అదే సమయమున స్వర్ణము గెలిచిన పురుషుల జట్టులో మన హరికృష్ణయు, మన వరంగల్లు బిడ్డ అర్జున్ ఎరిగైసియు కలరు. అదే 2024లో ఆ ధ్యాన్‌చంద్ పురస్కారమును అర్జున జీవితకాల పురస్కారముగా మార్చిరి. పేరు మాఱినను ఉద్దేశము నిలిచియున్నది, అది చాలును.

అయితే జీవితకాల పురస్కారము సైతము, అధికాంశము, ఒకనాడు ఆడి గెలిచి, ఆ పిదప సేవ చేసినవారిదే. ఎన్నడును పెద్ద విజేతలు కాక, ఆటకు దాసులైనవారి మాట ఏమి? సాంగ్లీలో భావూసాహెబ్ పడసల్గీకర్ నూతన బుద్ధిబల మండలమును దశాబ్దుల తరబడి నడిపి, ఏటేట పోటీలు జరిపించి, దేశపు నలుమూలల నుండి వచ్చిన పిల్లలకు ఆడుటకు అవకాశము కల్పించెను. పైన పేర్కొనిన పద్మశ్రీ భాగ్యశ్రీ ఆ సాంగ్లీ గడ్డపై పెరిగినదే. పడసల్గీకర్ వంటివారు లేనిచో పద్మశ్రీలు, అర్జునలు ఎక్కడినుండి వత్తురు? ఏలూరులో 1955 నాడు శ్రమించినవారు, తాల్ క్లబ్బులో సాయంకాలముల తలుపులు తెఱచి దీపములు వెలిగించినవారు, జిల్లా పోటీలలో రాత్రి కన్నుమూయక మఱునాటి జతలను చేతితో వ్రాసి గోడకంటించిన ఆర్బిటర్లు – వీరందఱును ఈ కోవలోనివారు. వీరిని రాజ్యము ఉపేక్షించినదని ఒక్కమాటలో అనివేయుట సులభమే గాని న్యాయము కాదు. పతకమునకు రికార్డు కలదు, రేటింగునకు రికార్డు కలదు, సేవకు రికార్డు లేదు. వ్రాతలో లేని సేవను ఢిల్లీలోని సంఘమొకటి ఎట్లు కొలువగలదు? దోషములో సగపాలు మనదే.

పద్మ పురస్కారములకు నేడు ఏ పౌరుడైనను, ఏ యోగ్యుని పేరునైనను ప్రతిపాదింపవచ్చును. దానికి కావలసినది పలుకుబడి కాదు. ఆ వ్యక్తి చేసిన విశిష్ట సేవను 800 పదములకు మించకుండ వివరించు ఒక్క వ్రాత. ఆ పురస్కారములు సాధారణముగా మరణానంతరము ఈయబడవు గనుక ఆలస్యము తగదు. పాఠకులలో ఎందఱో తమ యూరి చదరంగ గురువును ఎఱిగియుందురు. ఆయన ఏ సంవత్సరమున క్లబ్బును ప్రారంభించెనో, ఎన్ని పోటీలను నడిపెనో, ఎవరెవరికి నేర్పెనో ఆయన నోటనే విని, పాత కరపత్రములను, ఫలితపట్టికలను, ఛాయాచిత్రములను సేకరించి, తేదీలతో వ్రాసి పెట్టవలసినదిగా ప్రార్థన. ఏలూరు, గుడివాడ, గుంటూరు, వరంగల్లు, హైదరాబాదు పాఠకులకు ఇది ప్రత్యేకముగా చేయు మనవి: 1955 నాటి జాతీయ పోటీని చూచినవారు, అందు పనిచేసినవారు, లేక వారి కుటుంబములవారు ఎవరైనను మీ యెఱుకలో నున్నచో, వారి జ్ఞాపకములను ఈ సంవత్సరమే కాగితముపై పెట్టుడు.

(సశేషము)